చందమామను చూపించే అభ్యర్థులు

సంపాదకులకు,

నమస్కారం. అమెరికాలో 2028 అధ్యక్ష ఎన్నికలకు ఆశావహుల పేర్లు వినిపించడం మొదలైనప్పటి నుంచి మీ ఉత్తరాల శీర్షికలో రెండు రకాల అభిప్రాయాలు చదువుతున్నాను. అంగారకుడి మీదికి మనిషిని పంపుతామనే నాయకుడికే అక్కడి తెలుగువారు ఓటు వేయాలని కొందరు రాశారు. పేదరికం, వైద్యం, అప్పు వంటి సమస్యలు తీరకుండా అంతరిక్షం పేరెత్తేవారిని దగ్గరకు రానివ్వకూడదని మరికొందరు రాశారు. చూడ్డానికి ఈ రెండూ పరస్పర విరుద్ధమైన వాదాలే అయినా, అంతరిక్షం గురించి అభ్యర్థి వేదిక మీద ఏమంటున్నారన్నదే కొలమానమని రెండు పక్షాలూ ఒప్పుకున్నట్టు కనిపిస్తోంది. ఆ దేశంలో ఓటు హక్కు ఉన్న తెలుగువాడిగా నా అభ్యంతరం సరిగ్గా అక్కడే. అంతరిక్ష పరిశోధన విలువైనదని నేను గట్టిగా నమ్ముతాను. అభ్యర్థిని ఎంచుకునేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోవాలనీ నమ్ముతాను. అయితే చూడవలసింది వారి ఉత్సాహాన్ని కాదు, తమకంటే ముందున్నవారు మొదలుపెట్టిన పనిని వారు ఏం చేస్తారన్నదాన్ని.

ఉత్సాహం ఎంత నమ్మరాని కొలమానమో చెప్పడానికి జాన్ ఎఫ్. కెనెడీ ఒక్కరు చాలు. ఆ దశాబ్దం ముగిసేలోగా చంద్రుడి మీద మనిషిని దింపి క్షేమంగా వెనక్కి తీసుకురావాలని 1961 మే 25న అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ముందు ఆయన చేసిన ప్రసంగం అందరికీ తెలుసు. 1962 నవంబర్ 21న శ్వేతసౌధంలో నాసా అధిపతి జేమ్స్ వెబ్‌తో జరిగిన సమావేశం గురించి మాత్రం చాలామందికి తెలియదు. ఆ సంభాషణ టేపు మీద రికార్డయింది. చంద్రయాత్ర నాసా ప్రధాన లక్ష్యాల్లో ఒకటి మాత్రమేనని, అంతరిక్ష శాస్త్రం మొత్తాన్నీ కలిపి చూడాలని వెబ్ పట్టుబడుతుంటే, రష్యన్లను దాటిపోవడమే అసలు సంగతి అని, ఆ పోటీ లేకపోతే ఇంత డబ్బు ఖర్చు పెట్టకూడదని, తనకు అంతరిక్షం మీద అంతగా ఆసక్తి లేదని కెనెడీ స్పష్టంగా అన్నారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి వేదిక మీద, చంద్రయాత్రను సోవియట్ యూనియన్‌తో కలిసి చేద్దామని కూడా ఆయనే ప్రతిపాదించారు. మనిషిని చంద్రుడి మీదికి పంపిన అధ్యక్షుడిగా లోకం తలచుకునే వ్యక్తికి ఉన్న ఆసక్తి ఇంతే. ఆ పని నిజంగా పూర్తి కావడానికి కారణం, ఆయన మరణించాక వియత్నాం యుద్ధ ఖర్చుల మధ్య కూడా లిండన్ జాన్సన్ ఆ కార్యక్రమాన్ని ఆపకుండా నడపడం. 1966లో ఫెడరల్ ఖర్చులో నాలుగు శాతానికి పైగా నాసాకే వెళ్లింది. 1969 జూలై 20న ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి మీద దిగినప్పుడు టెలిఫోన్‌లో అభినందించినవారు మాత్రం అప్పటికి అధ్యక్షుడైన నిక్సన్.

ఆసక్తి నిండుగా ఉన్న అభ్యర్థి సంగతి కూడా చూద్దాం. 2012 రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే పోటీలో, న్యూట్ గింగ్రిచ్ ఫ్లోరిడాలోని కోకో పట్టణంలో మాట్లాడుతూ, తన రెండో పదవీకాలం ముగిసేసరికి చంద్రుడి మీద శాశ్వత అమెరికన్ స్థావరం ఏర్పాటు చేస్తానని ప్రకటించారు. ఇంకా మొదటి పదవీకాలానికే దిక్కులేదు. ఆ మరునాడు జాక్సన్‌విల్ చర్చలో ఆయన ప్రత్యర్థి మిట్ రామ్నీ, అంత ఖర్చుతో అలాంటి ప్రణాళిక పట్టుకుని ఏ ఉద్యోగి అయినా తన దగ్గరకు వస్తే అప్పటికప్పుడే ఉద్యోగం నుంచి తీసేసేవాణ్నని అంటే సభ నవ్వింది. జనవరి 31న ఫ్లోరిడా ప్రైమరీలో గింగ్రిచ్ ఓడిపోయారు. ఆయన చిన్నప్పటి నుంచీ అంతరిక్షాన్ని ప్రేమించిన మనిషేనని నేను ఒప్పుకుంటాను. కానీ ఎనిమిదేళ్లలో స్థావరం అన్న మాటలో ఇంజినీర్ల లెక్క ఎక్కడా లేదు. అది ప్రయోగ కేంద్రం చుట్టుపక్కల ఉండే ఓటర్ల కోసం వేసిన లెక్క.

ఇది ఒక పార్టీకి పరిమితమైన రోగం కాదు. బరాక్ ఒబామా 2007 నవంబరులో ప్రకటించిన విద్యా ప్రణాళికలో, దానికి అవసరమైన నిధుల కోసం మనుషులను మళ్లీ చంద్రుడి మీదికి పంపడానికి జార్జి డబ్ల్యూ. బుష్ మొదలుపెట్టిన కాన్‌స్టెలేషన్ కార్యక్రమాన్ని ఐదేళ్లు వాయిదా వేస్తామని చెప్పారు. 2008 ఆగస్టులో ఫ్లోరిడాలోని టైటస్‌విల్‌కు వెళ్లేసరికి ఆ మాట మారి, మానవ అంతరిక్షయాత్రలకు పూర్తి మద్దతు ఇస్తామన్నారు. 2010 ఫిబ్రవరిలో వచ్చిన బడ్జెట్‌లో కాన్‌స్టెలేషన్‌ను ఏకంగా రద్దు చేశారు. ఆ రద్దుకు కారణాలు లేకపోలేదు. ఉన్న డబ్బుతో ఆ కార్యక్రమం చంద్రుణ్ని చేరలేదని ముందు ఏడాది నిపుణుల సంఘం తేల్చిచెప్పింది. కానీ టైటస్‌విల్ ప్రసంగాన్ని నమ్మి ఓటు వేసిన మనిషికి ఆ మూడు ప్రకటనల్లో దేన్ని పట్టుకోవాలో ఎలా తెలుస్తుంది? ఇంకా వెనక్కి వెళితే, అపోలో 11 ఇరవయ్యో వార్షికోత్సవం నాడు 1989 జూలై 20న పెద్ద బుష్ చంద్రుడు, ఆ తరువాత అంగారకుడు అని ప్రకటించారు. కొన్ని నెలలకు దాదాపు 50 వేల కోట్ల డాలర్ల అంచనా బయటపడగానే కాంగ్రెస్ దానివైపు కన్నెత్తి చూడలేదు. చంటిపిల్లకు చందమామను చూపించి గోరుముద్ద తినిపించినట్టు ఫ్లోరిడా ఓటర్లకు ప్రతి నాలుగేళ్లకూ ఎవరో ఒకరు చంద్రుణ్ని చూపిస్తూనే ఉన్నారు.

దీనికి మూలం అభ్యర్థుల అబద్ధాల్లో కంటే కాలం లెక్కలో ఎక్కువగా ఉంది. అధ్యక్షుడి పదవీకాలం నాలుగేళ్లు, మహా అయితే ఎనిమిదేళ్లు. ఒక పెద్ద అంతరిక్ష నౌకను ఊహించి, నిధులు రాబట్టి, కట్టి, ఎగరేసి, ఫలితం చూడడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. వోయేజర్ జంట నౌకలకు నిక్సన్ కాలంలో అనుమతి దొరికింది. అవి కార్టర్ కాలంలో 1977లో బయలుదేరాయి. వోయేజర్ 2 రేగన్ కాలంలో 1986 జనవరిలో యురేనస్‌ను, పెద్ద బుష్ కాలంలో 1989 ఆగస్టులో నెప్ట్యూన్‌ను దాటింది. వోయేజర్ 1 సూర్యుడి ప్రభావం ఉండే పరిధి అంచు దాటి నక్షత్రాల మధ్య ప్రదేశంలోకి అడుగుపెట్టింది 2012లో, ఒబామా కాలంలో. వీరిలో ఏ ఒక్కరూ దాన్ని తమ ఘనతగా చెప్పుకోలేరు. అయినా వీరిలో ఏ ఒక్కరు గట్టిగా కాదన్నా ఆ ప్రయాణం మధ్యలో ఆగిపోయేది.

మనకు దగ్గరగా ఉన్న ఉదాహరణ చెబుతాను. తెలుగు మూలాలున్న రాజాచారి 2021 నవంబరులో క్రూ-3 బృందానికి కమాండర్‌గా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు మన సంఘాల్లో ఎంత సంబరం జరిగిందో మీ పత్రికే రాసింది. ఆ ప్రయాణం వెనుక ఉన్న వరస ఇది. అంతరిక్ష కేంద్రానికి సరుకులు చేర్చే పనిని ప్రైవేటు సంస్థలకు అప్పగించే ప్రయత్నం 2006లో చిన్న బుష్ హయాంలో మొదలైంది. మనుషులను పంపే పనినీ వారికే అప్పగించాలని ఒబామా ప్రభుత్వం నిర్ణయించి, రెండు పార్టీల నుంచీ వచ్చిన విమర్శలు భరించింది. 2011లో అమెరికా సొంత నౌక అయిన స్పేస్ షటిల్ ఆగిపోయాక తొమ్మిదేళ్లపాటు అమెరికన్ వ్యోమగాములు రష్యా సోయుజ్ నౌకల్లో సీట్లు కొనుక్కుని వెళ్లవలసి వచ్చింది. 2020 మే 30న కొత్త నౌక తొలిసారి మనుషులతో ఎగిరినప్పుడు అధ్యక్షుడు ట్రంప్. రాజాచారి ఎగిరింది బైడెన్ కాలంలో. నాలుగు ప్రభుత్వాలు, రెండు పార్టీలు. వీరిలో ఎవరైనా ఎదుటి పార్టీ మొదలుపెట్టిందన్న ఒక్క కారణంతో దాన్ని మూలపడేసి ఉంటే ఆ సంబరం ఉండేది కాదు.

కొనసాగింపు తెగిపోతే ఏమవుతుందో చూడాలనుకునేవారు హ్యూస్టన్‌లోని జాన్సన్ స్పేస్ సెంటర్‌కు వెళ్లవచ్చు. అక్కడ ఒక పెద్ద షెడ్డులో, అపోలో యాత్రల్లో మనుషులను చంద్రుడి వైపు మోసిన రకానికి చెందిన శాటర్న్ 5 రాకెట్‌ను అడ్డంగా పడుకోబెట్టి ఉంచారు. దాని పొడవు 110 మీటర్లు. పక్కన నడుచుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేసరికి పిల్లలకు కాళ్లు నొప్పి పుడతాయి. అది ప్రదర్శన కోసం చేసిన నమూనా కాదు. దానిలోని మూడు దశలూ ఎగరడానికి కట్టినవే. 1970లో అపోలో 18, 19, 20 యాత్రలు రద్దు కావడంతో అప్పటికే కట్టిన రాకెట్ భాగాలు ఎగరలేదు. ఆ తరువాత అవి ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసి, తుప్పుపట్టాక వాటిపై కప్పు వేశారు. పోయింది లోహం ఒక్కటే అయితే మళ్లీ పోతపోసుకోవచ్చు. ఆ రాకెట్‌ను కట్టిన చేతులు చెదిరిపోయాక మరో యాభై ఏళ్లకు, 2022 నవంబరులో గానీ మనుషులను మోయగల అమెరికన్ నౌక ఒకటి చంద్రుడి దాకా వెళ్లలేదు. అదీ మనుషులు లేకుండా.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కొనసాగింపు పేరుతో ఎంత దుబారానైనా సమర్థించవచ్చు. ఆ నౌకను మోసిన ఎస్‌ఎల్‌ఎస్ రాకెట్‌ను వీలైనంత వరకు షటిల్ విడిభాగాలతోనే కట్టాలని 2010లో చట్టం చేసింది కాంగ్రెస్. ఏ రాష్ట్రంలో ఏ కర్మాగారం మూతపడకూడదన్న చింత అందులో ఎంత ఉందో, శాస్త్రం ఎంత ఉందో చెప్పడం కష్టం. చంద్రుడి మీదికి తిరిగి వెళ్లడానికి నాసా చేపట్టిన ఆర్టెమిస్ కార్యక్రమంలో తొలి నాలుగు యాత్రల్లో ఒక్కో ప్రయోగానికి 410 కోట్ల డాలర్లు అవుతుందని నాసా ఇన్‌స్పెక్టర్ జనరల్ 2022లో కాంగ్రెస్‌కే చెప్పారు. కాబట్టి వారసత్వంగా వచ్చిన ప్రతిదాన్నీ మోయమని నేను అనడం లేదు. దేన్ని ఆపినా లెక్క చూపించి ఆపమంటున్నాను.

ఇక ఆకలి ముందా, అంతరిక్షం ముందా అన్న వాదానికి వస్తాను. దీన్ని తేలికగా కొట్టిపారేసే సైన్సు అభిమానుల తీరు నాకు నచ్చదు. అపోలో 11 ప్రయోగానికి ముందు రోజు, 1969 జూలై 15న, మార్టిన్ లూథర్ కింగ్ సహచరుడు రాల్ఫ్ అబర్నతి కొన్ని వందలమంది పేదవారితో, కంచర గాడిదలు లాగే బండ్లతో ఫ్లోరిడా ప్రయోగ కేంద్రం దగ్గరకు వచ్చారు. నాసా అధిపతి థామస్ పెయిన్ కారులో కూర్చుని తప్పించుకోలేదు. బహిరంగ మైదానంలో వారి ఎదుటకు వెళ్లి నిలబడ్డారు. రేపు ఆ బటన్ నొక్కకుండా ఉంటే దేశంలో పేదరికం తీరిపోతుందంటే మేము నొక్కనే నొక్కమని పెయిన్ చెప్పారు. వ్యోమగాముల క్షేమం కోసం ప్రార్థించమని కోరితే అబర్నతి ఒప్పుకున్నారు. వచ్చినవారిలో కొన్ని కుటుంబాలు మరునాడు అతిథుల స్థలంలో కూర్చుని ప్రయోగం చూశాయి. ఆ సంభాషణలో ఇద్దరూ నిజాయితీగా మాట్లాడారు. ఆ తరువాత నాసా బడ్జెట్ బాగా తగ్గింది. తగ్గిన డబ్బు అబర్నతి వెంట వచ్చినవారి ఇళ్లకు నడిచి వెళ్లలేదు. నేడు నాసాకు ఏటా దక్కేది సుమారు 2,500 కోట్ల డాలర్లు. ఫెడరల్ ప్రభుత్వం ఖర్చుపెట్టే ప్రతి వంద డాలర్లలో అది నలభై సెంట్లకు అటూ ఇటూ. ఆ నలభై సెంట్లూ మిగిల్చితే వైద్య బీమా సమస్య తీరుతుందని చెప్పే అభ్యర్థికి కూడికలు రావని అనుకోవాలి, లేదా మనకు రావని వారు అనుకుంటున్నారనుకోవాలి.

అంతరిక్ష పరిశోధనను సమర్థించేవారు కూడా తమ వాదాన్ని తామే పలుచన చేసుకుంటున్నారు. వంటగిన్నెల టెఫ్లాన్ పూత నాసా ఇచ్చిందని ఇప్పటికీ రాస్తుంటారు. టెఫ్లాన్ 1938లో పుట్టింది, నాసా 1958లో. ఇలాంటి ఉపఫలాల జాబితాలతో పని లేదు. అసలు ఫలమే చాలినంత ఉంది. 1972లో మొదలైన ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు యాభై ఏళ్లకు పైగా భూమి ఉపరితలాన్ని వరసగా చిత్రిస్తున్నాయి. 2008 నుంచి ఆ చిత్రాలు ప్రపంచంలో ఎవరికైనా ఉచితం. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహం నాసా, ఇస్రో కలిసి కట్టినది. అది నేల కుంగుబాటును, మంచు కదలికను అత్యంత సూక్ష్మంగా కొలవడానికి వెళ్లింది. 2022 సెప్టెంబర్ 26న డార్ట్ అనే నౌక సెకనుకు ఆరు కిలోమీటర్లకు పైగా వేగంతో వెళ్లి, సుమారు 160 మీటర్ల వెడల్పున్న డైమార్ఫస్ అనే చిన్న గ్రహశకలాన్ని ఢీకొంది. ఆ నౌక కెమెరా చివరి క్షణం వరకూ బొమ్మలు పంపింది. రాళ్లు రప్పలు దగ్గరకు, ఇంకా దగ్గరకు వచ్చి, ఆఖరి బొమ్మ సగంలోనే తెగిపోతుంది. తన పక్కనున్న పెద్ద శకలం చుట్టూ తిరగడానికి డైమార్ఫస్‌కు 11 గంటల 55 నిమిషాలు పట్టేది. ఆ దెబ్బతో అరగంటకు పైగా తగ్గింది. ఆకాశంలో సహజంగా ఉన్న ఒక వస్తువు కదిలే తీరును మనుషులు కావాలని మార్చడం అదే మొదటిసారి. అలాంటి రాయి ఎప్పుడు మనవైపు వస్తుందో ఏ ఎన్నికల క్యాలెండర్ చూసీ చెప్పలేం.

ఈ నేపథ్యంలోనే 2025లో జరిగినదాన్ని తూచాలని నా కోరిక. 2026 ఆర్థిక సంవత్సరానికి శ్వేతసౌధం నాసా కేటాయింపును సుమారు 1,880 కోట్ల డాలర్లకు తగ్గించాలని, అందులో సైన్సు విభాగం నిధులను దాదాపు సగానికి కోయాలని ప్రతిపాదించింది. ఎగురుతూ పనిచేస్తున్న నౌకలు కూడా ఆ కోతల జాబితాలో ఉన్నాయి. జూలైలో ఉభయ సభల కమిటీలు అందుకు అంగీకరించక పాత స్థాయికి దగ్గరగానే మొత్తాన్ని రాశాయి. ఆ కమిటీల్లో అధ్యక్షుడి పార్టీవారిదే పైచేయి అన్నది గమనించదగినది. అయితే అప్పటికే స్వచ్ఛంద వైదొలగింపు పథకం కింద సుమారు 4 వేలమంది ఉద్యోగులు నాసాను వీడడానికి సిద్ధపడ్డారు. డబ్బు మరుసటి ఏడాది తిరిగి రావచ్చు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న ఇంజినీరు తిరిగి రారు. నాసా అధిపతిగా ప్రతిపాదించిన వ్యక్తి పేరును మే చివర ఉపసంహరించారు, నవంబరులో మళ్లీ అదే పేరును ప్రతిపాదించారు. మధ్యలో కొన్ని నెలలపాటు రవాణా మంత్రే తాత్కాలికంగా ఆ సంస్థను చూసుకున్నారు. అదే అధ్యక్షుడు ట్రంప్ తన మొదటి పదవీకాలంలో, 2017 డిసెంబరులో, చంద్రుడి మీదికి తిరిగి వెళ్లాలన్న ఆదేశం మీద సంతకం చేశారని, తరువాత వచ్చిన బైడెన్ దాన్ని చింపేయకుండా కొనసాగించారని గుర్తుచేయడం నాకు ఇబ్బందిగా ఏమీ లేదు. ఒకే మనిషి ఒకసారి పునాది వేయవచ్చు, మరోసారి గోడ కూల్చవచ్చు. అందుకే పేరును కాదు, పనిని చూడాలంటున్నాను.

అభ్యర్థులు ప్రకటించే తేదీల గురించి కూడా ఓటరు జాగ్రత్తపడాలి. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించిన కొలంబియా షటిల్ ప్రమాదం మీద విచారణ మండలి ఇచ్చిన నివేదికలో ఒక చిన్న వివరం నన్ను ఇప్పటికీ వెంటాడుతుంది. అంతరిక్ష కేంద్రంలో అమెరికా వంతు భాగాన్ని 2004 ఫిబ్రవరి 19కల్లా పూర్తిచేసి తీరాలన్న గడువు ఉండేది. ఆ గడువుకు ఎన్ని రోజులు, గంటలు, నిమిషాలు, సెకన్లు మిగిలాయో లెక్కపెడుతూ చూపించే స్క్రీన్‌సేవర్‌ను నాసా మేనేజర్ల కంప్యూటర్లకు పంపారట. రెక్క మీద ఫోమ్ ముక్క తగిలిందని, దాని ఫొటోలు తీయించాలని ఇంజినీర్లు అడిగినప్పుడు పై అధికారులు పట్టించుకోకపోవడానికి ఆ గడియారం ఒక్కటే కారణమని ఎవరూ అనలేదు. గడువు ఒత్తిడి కూడా నిర్ణయాల మీద పనిచేసిందని మండలి రాసింది. 2019 మార్చిలో ఉపాధ్యక్షుడు పెన్స్ హంట్స్‌విల్‌లో ఐదేళ్లలో చంద్రుడి మీద ఉండాలని గడువు పెట్టినప్పుడు నాకు ఆ స్క్రీన్‌సేవరే గుర్తొచ్చింది. 2024 వచ్చింది, వెళ్లింది. చంద్రుడి మీద ఎవరూ దిగలేదు. గడువు తప్పినందుకు నేను ఎవరినీ తప్పుపట్టను. పదవీకాలానికి సరిపోయేలా గడువును కత్తిరించడాన్నే తప్పుపడతాను.

అందుచేత ప్రైమరీల సభలకు వెళ్లే మన వాళ్లకు, ప్రశ్నించే అవకాశం దొరికితే, అంగారకుడి మీదికి ఎప్పుడు పంపుతారని అడగవద్దని మనవి. ఇప్పుడు నడుస్తున్న కార్యక్రమాల్లో వేటిని ఉంచుతారు, వేటిని ఆపుతారు, ఆపేదానికి ఎవరి లెక్క ఆధారం అని అడగండి. నాసాకు ఎలాంటి మనిషిని ప్రతిపాదిస్తారో, ఆ మనిషి సెనేట్ ముందుకు ఎన్ని వారాల్లో వెళతారో అడగండి. మీ పదవీకాలం ముగిశాక పదేళ్లకు గానీ ఫలితమివ్వని ఏ పనికి మీ తొలి బడ్జెట్‌లో డబ్బు పెడతారని అడగండి. ఇదే ప్రశ్నకు ఆసుపత్రుల పరిశోధన, నదుల మీద వంతెనలు, విశ్వవిద్యాలయాల సంగతి కూడా జోడించి అడిగితే ఇంకా మంచిది. అంతరిక్షం ఒక్కదాని కోసమే ఓటు వేసేవారు తక్కువ, వేయమని నేనూ చెప్పను.

చివరగా మీకో విన్నపం. అమెరికా ఎన్నికల ప్రత్యేక పేజీల్లో మన సంఘాల విందులకు హాజరైన అభ్యర్థుల ఫొటోలు చాలా వేస్తున్నారు. వారిలో సెనేటర్లుగా, ప్రతినిధుల సభ సభ్యులుగా పనిచేసినవారు నాసా కేటాయింపులు ఓటింగుకు వచ్చిన ప్రతిసారీ ఎటువైపు ఓటు వేశారో కాంగ్రెస్ రికార్డుల్లో ఎవరైనా చూసుకోవచ్చు. గవర్నర్లుగా పనిచేసినవారు తమ ముందువారి పనుల్లో వేటిని కొనసాగించారో ఆయా రాష్ట్రాల బడ్జెట్ పత్రాలు చెబుతాయి. ఆ వివరాలను, ఒక్కో అభ్యర్థికి ఒక్క పట్టిక చొప్పున, తొలి ప్రైమరీలకు ముందే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు